సిలువ వెనక జంటతాళ్ళు

ఇటు చూడండమ్మా అంటే ఇటు చూస్తున్నాం, అటు చూడండమ్మా అంటే అటు చూస్తున్నాం. పలాస చర్చి స్త్రీల సమాజం వాళ్ళం వ్యాను నిండా కిక్కిరిసి ఉన్నాం, ఒకరి మోచెయ్యి ఒకరి పక్కటెముకల్లో. మధ్యాహ్నం తిన్న పులిహోర మత్తు ఇంకా దిగలేదు. ఈ గైడు ధనుంజయ్, మెడలో విజిలు, నెత్తిన రిసార్టు వాళ్ళ టోపీ, బారువ ఊరంతా వాళ్ళ తాతగారు దగ్గరుండి కట్టించినట్టు చూపిస్తున్నాడు. గంటలో మొత్తం చూపించేస్తాడట. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను, మూడో తరగతి దాకా ఈ ఇసుకలోనే దొర్లాను, ఆ సంగతి ఇతనికి తెలీదు, నేను చెప్పలేదు. చెబితే వ్యానంతా నా మీద పడి మీ ఇల్లేదీ, మీవాళ్ళు ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు, అడిగితే ఎక్కడో ఒకచోట నోరు జారతాను. నా ఒళ్ళో హ్యాండుబ్యాగుంది. అందులో తెల్ల చేతిరుమాలు, రుమాల్లో మూటగట్టిన పిడికెడు ఎర్రమట్టి. పలాసలో మా అమ్మ సమాధి మీది మట్టి అది. ఈ గంటలోనే, ఎవరి కంటా పడకుండా, మా అయ్య మునిగిపోయిన చోట సముద్రంలో దాన్ని వెయ్యాలి. నేను వచ్చింది అందుకు, పులిహోరకి కాదు.

ముందు సీట్లో పాస్టరమ్మగారు ఇందుమతి కూర్చుని ఉంది, వ్యాను గోతిలో పడ్డా ఆవిడ వెన్ను వంగదు. మంచి మనిషి. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పూటపూటా జావ కాచి పంపింది. కాని కొన్ని విషయాల్లో మహా గట్టి. ఎవరో సమాధి మీద అగరొత్తి వెలిగించారని తెలిసి వాళ్ళింటికి వెళ్ళి పొద్దుగూకే దాకా వాక్యం చెప్పి వచ్చింది. మట్టిలో ఏమీ లేదమ్మా, మనవాళ్ళు ప్రభువు దగ్గరున్నారు, మట్టిని పట్టుకుని వేళ్ళాడకండి అంటుంది. నిజమే కదా, ఆదివారం బడిలో పిల్లలకి నేను చెప్పేదీ అదే. చెప్పే నోటితో చెబుతూనే బ్యాగులో మట్టి పెట్టుకు తిరుగుతున్నాను, నా వాలకం చూడండి. ఆవిడ ఇది చూస్తే ఏమంటుంది? నదిలో బూడిద కలపడానికీ దీనికీ తేడా ఏమిటి నయోమీ, అంటుంది. తేడా నాకూ తెలీదు. పక్కన బ్లెస్సీ, మా వీధిలో కొత్త కోడలు, "ఆంటీ, ఆ బ్యాగు కింద ఎట్టొచ్చు కదా, అంత గట్టిగా అట్టుకున్నారేటి" అంది. మాత్రలున్నాయమ్మా అన్నాను. అబద్ధం కూడా ఎంత సులువుగా వచ్చిందో.

లైట్ హౌసు దగ్గర దింపాడు. పైకి ఎక్కనివ్వరట, కింది నుంచే చూడాలట, ఫస్టు పాయింటని విజిలు ఊది, బ్రిటిష్ వాళ్ళ కాలం, ఓడలు, కొబ్బరి పీచు, బియ్యం ఎగుమతి అని ఏకరువు పెడుతున్నాడు. నేను మెడ ఎత్తి చూస్తే మెడ నొప్పి పుట్టింది, అప్పుడు పుట్టేది కాదు. రాత్రిళ్ళు దీని వెలుగు మా పూరింటి గోడ కంతలోంచి దూరి, పడుకున్న అయ్య వీపు మీద పాకి, ఉట్టి ఎక్కి, పోయేది. కాసేపటికి మళ్ళీ వచ్చేది. అయ్య ఇంట్లో ఉన్న రాత్రుల్లో ఆ వెలుగుకి ఆయన వీపు దొరికేది, చేపలవేటకి పోయిన రాత్రుల్లో ఉత్త చాప దొరికేది. నేను నిద్రపోకుండా ఆ వెలుగు కోసం చూస్తూ ఉండేదాన్ని, చాప మీద మనిషి ఉన్నాడా లేడా అని. అయ్య పేరు అప్పలసూరి. బాప్తీస్మం అప్పుడు పాస్టరుగారు బైబిలు పేరొకటి పెట్టారు గాని ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. లైట్ హౌసు వెనక, చాలా దూరంగా, పొగమంచులో మహేంద్రగిరి కనపడుతోంది. మా చిన్నప్పుడు అది ఇంకా దగ్గరగా ఉండేదని నా నమ్మకం. కొండలు జరగవని తెలుసు, అయినా నమ్మకం.

సముద్రంలో వీధులుండవు, గుమ్మాలుండవు. అందుకని బారువలో వేటకు పోయేవాళ్ళు ఒడ్డుకేసి చూసి తామెక్కడున్నామో తెలుసుకునేవారు. ముందున్న వస్తువు వెనక మరో వస్తువు సరిగ్గా వచ్చిందంటే ఒక గీత దొరికినట్టు. పక్కకి చూస్తే అలాగే ఇంకో జత కుదిరిందంటే, ఆ గీతలు రెండూ కలిసినచోట తాము ఉన్నట్టు. పూర్వం ఎప్పుడో మునిగిన ఓడ ఒకటి అక్కడ అడుగున ఉంది, దాని చుట్టూ చేప మూగుతుంది, ఆ చోటు ఇలాగే పట్టుకునేవారు. అయ్య పోయింది ఆ ఓడ దగ్గరే. ఉన్నట్టుండి గాలి లేచి తెప్ప తిరగబడింది, తోడెళ్ళిన రామూర్తి మావ ఈది ఒడ్డున పడ్డాడు, అయ్య పడలేదు, ఏ ఒడ్డుకీ కొట్టుకురాలేదు. రామూర్తి మావ మా గుమ్మంలో తల దించుకుని కూర్చుని ఆ గుర్తులు అమ్మకి చెప్పాడు. అమ్మ ఆ మాటలు నాకు నేర్పింది, నేను బైబిలు వచనాలు నేర్చుకోక ముందే. "సిలువ ఎనక జంటతాళ్ళు దాక్కోవాల. లైటౌసు నెత్తిన మయేంద్రగిరి కూకోవాల. అదీ మీ అయ్య ఉన్న సోటు." జంటతాళ్ళంటే ఊరి వెనక పక్కపక్కనే మొలిచిన రెండు తాటిచెట్లు. ఇంటి చిరునామా చెప్పినట్టు చెప్పేది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతూ చెప్పేది, నాకు జడలేస్తూ చెప్పేది, జ్వరంలో పలవరిస్తూ చెప్పేది.

సెకండు పాయింటు శివుడి కోవెల. మావాళ్ళు వ్యాను దిగలేదు, దిగకుండానే కిటికీల్లోంచి మెడలు చాచి కోవెల పక్కనున్న గాజుల కొట్టుని క్షుణ్ణంగా పరిశీలించారు. పాస్టరమ్మగారు మాత్రం కొబ్బరిచెట్లని చూస్తూ కూర్చుంది. ధనుంజయ్ బయట నిలబడి శిల్పం గురించి చెబుతూ ఎవరూ వినడం లేదని గ్రహించి, టోపీ తీసి తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. పాపం అనిపించింది. మా అయ్యకి ఈ కోవెల, చర్చి పట్టింపు ఉండేది కాదు. వేట మొదలయ్యే రోజున మిగతావాళ్ళు తెప్పలకి పసుపు రాసి కొబ్బరికాయ కొడుతుంటే అయ్య పక్కనే చేతులు కట్టుకుని భక్తిగా నిలబడేవాడు, తను ప్రార్థన చేసుకుంటున్నానని చెప్పేవాడు. కొట్టడం పూర్తవగానే కొబ్బరిముక్క కోసం అందరికన్నా ముందు చెయ్యి చాపేవాడు. ఒక ముక్క నాకు, ఒకటి అమ్మకి. "ఏసుక్రీస్తు కొబ్బరికాయ వొద్దన్నాడేటే" అని నవ్వేవాడు. ఆ పళ్ళు, ఆ కొబ్బరి వాసన, చెవి మీద ఆరిపోయిన ఉప్పు. ఈ ముక్కలే నా దగ్గర మిగిలాయి, ముఖం మొత్తంగా రమ్మంటే రావడం లేదు. ఫొటో లేదు. ఆ రోజుల్లో మాలాంటివాళ్ళని ఎవరు ఫొటో తీశారు గనక.

కొబ్బరిచెట్లన్నీ కొత్తవి. పెద్దవన్నీ తొంభైతొమ్మిది తుపానులో పోయాయి. అప్పుడు పలాసలో మా పెంకులు కూడా ఎగిరిపోయాయి, అయినా అమ్మ పెంకుల సంగతి పట్టించుకోలేదు, బారువ వైపు ఉద్దానం ఊళ్ళ నుంచి ఎవరు వచ్చినా వీధిలో ఆపి, "బారువలో జంటతాళ్ళు ఉన్నాయా పోనాయా బావూ" అని అడిగేది. ఉన్నాయని ఎవరో చెప్పాక అన్నం తింది. ఇప్పుడు వ్యాను ఒక పాత నుయ్యి పక్కగా పోతుంటే ధనుంజయ్ "ఇక్కడ పాత చర్చి ఉండీదమ్మా, తుపానికి పడిపోయింది, కొత్తది అదిగో అక్కడ రోడ్డు దగ్గర కట్టేరు" అని చెయ్యి చూపాడు. అందరూ కొత్తదాన్ని చూశారు, తెల్ల సిమెంటు, పొడవాటి సిలువ, సిలువ నిండా ట్యూబులైట్లు. నేను మాత్రం ఇటు నూతి వైపు తిరిగి ఉండిపోయాను. పాత చర్చి అరుగు మిగిలి ఉంది. దాని మీద మేకలు పడుకుని నెమరేస్తున్నాయి. ఆ మెట్టు మీదే కదా నేను క్రిస్మసుకి గొర్రెలకాపరి వేషం వేసి, కంబళి బరువుకి కింద పడి, పాట మరిచిపోయి ఏడిస్తే, వెనక వరసలోంచి అయ్య లేచి ఆ పాట ఆ పెద్ద గొంతుతో తప్పుల తడకగా పాడి పూర్తి చేశాడు. అందరూ నవ్వారు, పాస్టరుగారు కూడా. ఆ గొంతు ఇప్పుడు వినపడింది. నిజంగా వినపడింది. వ్యాను మలుపు తిరిగింది, మేకలు పోయాయి, నుయ్యి పోయింది.

అదే పాస్టరుగారు తరవాత అమ్మకి కాదన్నాడు. శవం లేకుండా భూస్థాపన ఎలా చేస్తామమ్మా పైడమ్మా, అన్నాడు. అమ్మ, ఒడ్డుకి కొట్టుకొచ్చిన అయ్య తెడ్డు పట్టుకెళ్ళి ఆ మెట్ల ముందు నిలబడింది, దీన్ని పూడ్చండి, మాట చెప్పండి, నాలుగు పిడికిళ్ళు మట్టేస్తాం అంది. ప్రార్థన చేద్దాం గాని పూడ్చడం కుదరదన్నాడు. చెడ్డవాడేం కాదు, ఆయనకి తెలిసిన పద్ధతి అది. అమ్మ తెడ్డు తెచ్చి చూరులో దోపి, కొన్నాళ్ళకి నన్ను తీసుకుని పలాస వచ్చేసింది. ఫ్యాక్టరీలో జీడి రసానికి ఆవిడ అరచేతులు నల్లబడి పగిలిపోయాయి, పని మానేసిన తరవాత కూడా ఆ నలుపు పోలేదు. పలాసలో మా చర్చి వాళ్ళు ఎవరు పోయినా అమ్మ వెళ్ళేది. బంధువా, తెలిసినవాళ్ళా అని చూసుకునేది కాదు. వరసలో నిలబడి నల్లటి చేత్తో పిడికెడు మట్టి తీసి వేసేది, ఇంటికొచ్చి కుళాయి దగ్గర కూర్చుని ఆ చెయ్యి కడుక్కుంటూ ఉండేది, ఎంతసేపో, నీళ్ళయిపోతున్నాయమ్మా అని నేను కేకేసేదాకా. ఒకసారి తల ఎత్తకుండా అంది, "ఊరందరికీ మట్టేసినాను. నా మనిషికి ఎయ్యనేదు."

పోయిన వానల్లో అమ్మ పోయింది. పోయే ముందు రోజు కళ్ళు మూసుకునే నా చెయ్యి తడిమి పట్టుకుంది. "ఓలె నవోమీ, నా మీద ఏసిన మట్టిలోంచి ఓ పిడికిడు తియ్యి. నా పేరున ఆడి మీద ఎయ్యి. సోటు తెలుసు గదా" అంది. తెలుసమ్మా అన్నాను. సెప్పు, అంది. బళ్ళో పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పాను, సిలువ వెనక జంటతాళ్ళు, లైట్ హౌసు నెత్తిన మహేంద్రగిరి. తల ఊపింది. భూస్థాపన అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి పిడికెడు తీశాను. అప్పటి నుంచి అది బీరువాలో చీరల మధ్య ఉంది. తడిమట్టి కదా, ఎండి పెళ్ళలు కట్టింది, రుమాలుకి ఎర్రటి మరక పట్టింది. నేను ఒక్కదాన్నీ బారువ వచ్చి, ఎవరి పడవో మాట్లాడుకుని, సముద్రం మీదికి వెళ్ళడం అయ్యే పనా? ఏమని చెప్పాలి? అలాంటప్పుడు పాస్టరమ్మగారే సమాజం మీటింగులో, ఈసారి బారువ విహారయాత్ర, పడవ షికారు కూడా ఉంది, మునిగిన ఓడ దగ్గరికి తీసుకెళ్తారట, అంది. నేను అందరికన్నా ముందు చెయ్యి ఎత్తాను, మా అయ్య కొబ్బరిముక్కకి ఎత్తినట్టు.

ఇదిగో చివరి పాయింటు. ఇసుకలో నడుస్తున్నాం, చెప్పులు చేతుల్లో పట్టుకుని, చీరలు ఎత్తి దోపుకుని, ఒకరినొకరు పట్టుకుని నవ్వుకుంటూ. వాళ్ళ నవ్వు చూస్తే నాకూ నవ్వొస్తోంది. అరికాళ్ళకి ఈ ఇసుక తెలుసు. ఒడ్డున ఆడవాళ్ళు వలల మీద చేప ఎండబెట్టారు, ఆ వాసనకి బ్లెస్సీ ముక్కు మూసుకుంది, నేను ముక్కు తెరిచాను. సాయంత్రాలు అమ్మ తట్ట పట్టుకుని ఇక్కడే నిలబడేది, మిగతా ఆడవాళ్ళతో కబుర్లాడుతూనే కళ్ళు మాత్రం నీళ్ళ మీద పెట్టి. తెప్ప కనపడిన క్షణాన కబురు మధ్యలో ఆపేసేది. ఏ తెప్ప ఎవరిదో అంత దూరం నుంచి ఎలా తెలిసేదే అంటే, మగోడు తెడ్డేసీ తీరు తెలవదేటే అనేది. ఫైబరు పడవ సిద్ధంగా ఉంది, ఇంజన్ను దగ్గర వైకుంఠరావు అనే పెద్దాయన బీడీ ఆర్పి లేచాడు. అందరికీ నారింజరంగు జాకెట్లు తొడిగారు. పాస్టరమ్మగారికి అది బిగుతైంది, అయినా పిన్నులన్నీ సర్దుకుని హుందాగా కూర్చుంది. పడవ అడుగంతా ఇసుక, ఎక్కిన ప్రతివాళ్ళ కాళ్ళతోనూ వచ్చి పడిన ఇసుక. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటేటప్పుడు అల ఒకటి ఎత్తి కుదిపింది, అందరూ యేసయ్యా అన్నారు. తరవాత నీళ్ళు నిమ్మళించాయి.

నేను ఒడ్డుకేసి తిరిగి కూర్చున్నాను. మా ఊరిని నేను ఎప్పుడూ ఇటు నుంచి చూడలేదు. ఆడపిల్లలని తెప్ప ఎక్కనిచ్చేవారు కాదు. అయ్య రోజూ చూసింది ఇదన్నమాట, చిన్నగా, సన్నగా, ఇసుక గీత, దాని మీద ఆకుపచ్చ గీత, దాని మీద కొండ. ఇంత చిన్న ఊళ్ళో మేమెలా పట్టామో. అదిగో జంటతాళ్ళు, ఆకుపచ్చ మీద నల్లగా రెండూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి, అమ్మా, ఉన్నాయే. అదిగో తెల్ల సిలువ. సిలువ నెమ్మదిగా తాళ్ళకేసి జరుగుతోంది, జరిగేది మేమే. లైట్ హౌసు మహేంద్రగిరి కిందకి వస్తోంది. బ్యాగులో చెయ్యి పెట్టి రుమాలు ముడి వేలితో విప్పుతున్నాను. వైకుంఠరావు ఇంజన్ను ఆపాడు. ధనుంజయ్ విజిలు ఊదాడు. "అమ్మా, మనకి సరిగ్గా కింద ఓడ ఉంది, నిధులున్నాయంతారు, ఫొటోలు తీసుకుని తొరగా కానీయండి, రిసార్టు గేటు టైమవుతోంది." అందరూ కిందికి చూస్తున్నారు. సిలువ వెనక జంటతాళ్ళు దాక్కున్నాయి. లైట్ హౌసు నెత్తిన కొండ కూర్చుంది. పిడికిలి బయటికి తీశాను. నీళ్ళ మీద పెట్టాను. అయ్యా, అమ్మ పంపింది.

మేకలు. ఎందుకో మేకలు గుర్తొచ్చాయి. అరుగు మీద పడుకుని నెమరేస్తున్న మేకలు, పక్కన నుయ్యి, గొర్రెలకాపరి కంబళి. ఆ అరుగు నూతి దగ్గర ఉంది. ఈ సిలువ రోడ్డు దగ్గర ఉంది. ఆ సిలువ కాదే ఇది! రామూర్తి మావ చెప్పిన సిలువ ఇది కాదు, అది మేకల మీద, గాల్లో, ఇప్పుడు లేనిచోట ఉంది. అంటే ఇది అయ్య ఉన్న చోటు కాదు. వేళ్ళ సందుల్లోంచి మట్టి జారబోతుంటే చటుక్కున పిడికిలి మూసి ఒళ్ళోకి తెచ్చుకున్నాను. ఇక్కడే వేసేస్తే ఏమవుతుంది, సముద్రమంతా ఒకటే కదా, ఎవరికి తెలుస్తుంది? అమ్మ తెడ్డు పట్టుకుని మెట్ల ముందు నిలబడింది. అమ్మ కుళాయి దగ్గర కూర్చుంది. నేను వేసి ఇంటికెళ్ళి నా చెయ్యి ఎంతసేపు కడుక్కోవాలి మరి? వైకుంఠరావు తాడు లాగాడు, ఇంజన్ను దగ్గింది, పడవ ఒడ్డుకేసి తిరగబోతోంది. తిరిగిందంటే అయిపోయినట్టే, మళ్ళీ రాను, రాలేను. నోరు దానంతటదే తెరుచుకుంది. ముప్పయ్యేళ్ళు టీచరుగా బళ్ళో నేర్పిన తెలుగు ఎటు పోయిందో, "ఓ బావూ, ఆగు! ఇది కాదు సోటు. ఇది కొత్త సిలువ" అన్నాను.

ఇంజన్ను ఆగింది. వైకుంఠరావు నన్ను ఎగాదిగా చూసి, పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. "నీకెలగ తెలిసినాదమ్మా? తుపానెల్లినాక మేవూ ఇలగే మోసపోనాం. కొత్త సిలువ ఎనక తాళ్ళు దాసుకొని వలేసినాం. సీజనంతా ఏసినాం, ఒక్క సేప పడితే ఒట్టు. గాలి ఓడని ఒరిస్సా అట్టుకుపోనాదనుకున్నాం. కొత్త ఏసుగుడి కట్టినోల నోట్లో మన్నెయ్య, సేపలు మతం మారిపోనాయన్నాడు మా మావ. ఆకరికి ఎవుడో అన్నాడు, ఓరి ఎర్రోడా, నడిసింది ఓడ కాదురా, సిలువ. ఇప్పుడయితే సెల్లు టవరు ఎనక అట్టుకుంతన్నాం." ధనుంజయ్ మొహం ఎర్రబడింది. మరి ఇక్కడెందుకు ఆపేవయ్యా అని అతనడిగితే, దగ్గర కదా, చూడ్డానికొచ్చినోళ్ళకి ఎక్కడైతే ఏటి, నీళ్ళే కదా అన్నాడు వైకుంఠరావు. అసలు చోటుకి ఇదే గీత మీద ఇంకొంచెం లోపలికి పోవాలట. "టైము నేదమ్మా, గేటు మూసేత్తారు" అని ధనుంజయ్ విజిలు నోట్లో పెట్టుకున్నాడు. పడవంతా నాకేసి చూస్తోంది. పాస్టరమ్మగారు వెన్ను తిప్పకుండా తల మాత్రం తిప్పింది. "ఎందుకు నయోమీ, ఏముంది అక్కడ?"

ఇక మాత్రలని చెప్పడానికి లేదు. పిడికిలి తెరిచి చూపించాను. మాటలు వరసగా రాలేదు, వెనకవి ముందూ ముందువి వెనకా వచ్చాయి, అయ్య, తెప్ప, తెడ్డు, అమ్మ చేతుల నలుపు, ఊరందరికీ మట్టి. తప్పయితే క్షమించండమ్మగారూ, వాక్యానికి విరుద్ధమని తెలుసు, అయినా వేస్తాను, అన్నాను. ఆ ఆఖరి మాట అంత మొండిగా వస్తుందని నాకే తెలీదు. పడవ అటూ ఇటూ ఊగుతోంది. బ్లెస్సీ నా మోకాలి మీద చెయ్యి వేసింది. పాస్టరమ్మగారు నా అరచేతిలో మట్టిని చాలాసేపు చూసింది, అందులో ఏమీ లేదని ఎన్ని ఆదివారాలు చెప్పిందో ఆ మట్టిని. "అయితే అప్పలసూరిగారికి ఇప్పటిదాకా భూస్థాపన జరగలేదా?" అంది. జరగలేదమ్మా. ఆవిడ ధనుంజయ్ వైపు తిరిగింది. "బాబూ, ఆ విజిలు జేబులో పెట్టుకో. గేటు వాళ్ళతో నేను మాట్లాడతాను. పడవ పోనీ నాయనా."

నేను ఒడ్డు చూస్తూనే ఉన్నాను. కొండ లైట్ హౌసు నెత్తిన కూర్చునే ఉంది. తాళ్ళు కొత్త సిలువ వెనక నుంచి బయటపడ్డాయి, జరిగాయి, ఇంకా జరిగాయి, పాత సిలువ ఉండాల్సిన ఖాళీ చోటు వెనక్కి వచ్చాయి. అక్కడ కింద నుయ్యి ఉండాలి, మేకలుండాలి. "ఇదేనమ్మా, ఓడ కాడ" అన్నాడు వైకుంఠరావు మెల్లగా, ఇంజన్ను ఆపేశాడు. ఏమీ లేదు. ఏ గుర్తూ లేదు, అన్ని నీళ్ళలాగే నీళ్ళు. వంగి, ఇది పైడమ్మది అయ్యా అని పిడికిలి వదిలాను. ఎర్రగా కాసేపు నీళ్ళలో వేలాడి, విచ్చుకుని, అడుక్కి పోయింది. పాస్టరమ్మగారు ప్రార్థన చేసింది, పొడుగ్గా చేసే మనిషి, పొట్టిగా చేసింది. అయిపోయిందనుకున్నాను. అప్పుడావిడ ఆ బిగుతు జాకెట్టుతోనే, ఎన్నడూ వంగని వెన్ను వంచి, పడవ అడుగు నుంచి ఇసుక గీకి తీసి, "భూస్థాపనకి వచ్చినవాళ్ళం, ఊరికే కూర్చుంటామా" అని నీళ్ళలో వేసింది. బ్లెస్సీ వేసింది. ఒకరి తరవాత ఒకరు అందరూ వంగి తీసి వేశారు, పడవ ఒక పక్కకి ఒరిగితే వైకుంఠరావు రెండో పక్క కూర్చుని కాచుకుంటూ, తనూ ఇంత విసిరాడు. ధనుంజయ్ టోపీ తీసి చంకలో పెట్టుకుని వేశాడు. అప్పుడు తట్టింది నాకు, వేసింది అమ్మది. నాది వెయ్యలేదు. ఆ మూడో తరగతి పిల్లది వెయ్యలేదు. అడుగంతా తడిమాను, ఊడ్చినట్టుంది, నాకేమీ మిగల్చలేదు వాళ్ళు. ఏడుపొచ్చింది, అందరి ముందూ గట్టిగా వచ్చింది, రానిచ్చాను. తరవాత నా కాలి వేళ్ళ సందుల్లోంచి బారువ ఇసుక గోటితో తీసి తీసి అరచేతిలో పోగుచేసుకున్నాను. పిడికెడు కాలేదు, చిటికెడయింది. అదే వేశాను. మట్టి వేశాక చెయ్యి కడుక్కోవాలి. పడవ అంచు మీదుగా వంగి, మా అయ్య ఉన్న నీళ్ళలోనే కడుక్కున్నాను.